మీ మీద మాకు నమ్మకం లేదమ్మా

"మళ్ళీ అడుగుతన్నాను బావా. మిల్లు జగన్నాధం ఇంటికి నువ్వు ఎల్లేవా, లేదా? అదొక్కటి సెప్పు."

ఆనంద్‌కుమార్ ఇస్త్రీ పెట్టె ఆపలేదు. చొక్కా కాలరు తిరగేసి మళ్ళీ రుద్దాడు.

"రాత్రే సెప్పేను గదా. ఊళ్ళోవాళ్ళ మాటలు పట్టుకొచ్చి ఇంట్లో కోర్టు పెట్టకు."

"రాత్రి నువ్వన్నది, ఎవరో ఏదో అంటే నమ్మేస్తావా అని. ఎల్లలేదని మాత్రం అనలేదు. నాకు తెల్లారేకే తట్టింది."

అనూరాధ తెల్లచీర కట్టుకుని తయారుగా ఉంది. నల్లకోటు కుర్చీ వీపున వేలాడుతోంది. పెట్టిన ఉప్మా పెట్టినట్టే చల్లారిపోయింది. వంటింటి గోడవార పీట మీద పార్వతీదేవి కూచుని ఉంది. కంటి ఆపరేషనుకి ఇచ్చిన నల్లద్దాలు తియ్యకుండానే తోటకూర కాడలు గిల్లుతోంది. ఆవిడ ఆనంద్‌కి తల్లి, అనూరాధకి అత్తగారే కాదు, సొంత మేనత్త కూడాను.

నిన్న ఈ వేళకి ఆ ఇంట్లో ఏ గొడవా లేదు. వేసవి సెలవుల లోపల జడ్జిగా అనూరాధ చెప్పేయాల్సిన తీర్పుల్లో బుల్లమ్మ దావా ఒకటి, అంతే. హైవే పక్కన బుల్లమ్మ మొగుడు కూర్మయ్యకి కాస్త మెరక నేల ఉండేది. ధాన్యం ఆరబోసుకోవడానికి కళ్ళంగా వాడుకుంటామని జగన్నాధం అడిగితే కూర్మయ్య నోటిమాట మీద అరువిచ్చాడని బుల్లమ్మ అంటుంది. అరువేమీ లేదు, ఏళ్ళ తరబడి నా చేతిలోనే ఉంది కాబట్టి అది నాదేనని జగన్నాధం అంటాడు. కూర్మయ్య పోయాక జగన్నాధం ఆ నేలని కలుపుకుని తన జూనియర్ కాలేజీకి గోడ లేపాడు. వాదనలు అయిపోయాయి. తీర్పు ఒక్కటే మిగిలింది.

అలాంటి సమయంలో, నిన్న నిండు కోర్టులో బుల్లమ్మ లేచి నిలబడింది. వకీలు ధర్మేంద్ర చెయ్యి పట్టి లాగుతున్నా కూచోలేదు.

"మీ మీద మాకు నమ్మకం లేదమ్మా. మీ ఆయన ఆళ్ళ ఇంట బోయినం సేసినాడు. ఈ కేసు మీరు సూడొద్దు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అనూరాధకి చెవులు వేడెక్కాయి. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆమెని ఎవరూ అంత మాట అనలేదు. "నాకు గాని, నా ఇంట్లోవాళ్ళకి గాని ప్రతివాదితో ఏ సంబంధమూ లేదు" అని అందరూ వినేలా చెప్పింది. రాతపూర్వకంగా పిటిషన్ వేసుకోమని, మర్నాటికి వాయిదా వేసింది.

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఒణకలేదు. అదే ఇప్పుడు ఆమెని కోస్తోంది.

"బావా, నిన్నే."

"ఎల్లేడే" అంది పార్వతీదేవి.

ఇస్త్రీ పెట్టె ఆగింది.

"అమ్మా, నువ్వూరుకో."

"ఏటూరుకోడం? ఎల్లేవు. నన్నూ తీసుకెల్లేవు. ఆ పిల్ల అంతలాగ అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలాగ నిలబడితే ఎలాగ?" తోటకూర పక్కకి నెట్టింది. "అనూ, ఉగాదికి ఈడు కట్టుకున్న పొందూరు పంచె ఎక్కడిదనుకున్నావు? ఆళ్ళు తాంబూలంలో పెట్టిందే."

ఆ పంచెని అనూరాధే చేత్తో ఉతికి గంజి పెట్టింది. ఎంత సన్నటి నేతో, గాలికి ఎగిరిపోయేలా ఉందని మురిసింది. ఖాదీ భండారులో తగ్గింపు పెట్టారని ఆనంద్ చెప్తే, ఇంకొకటి తేవలసింది గదా అని కూడా అంది.

"తాంబూలమా? దేనికి?"

ఆనంద్ స్విచ్చి కట్టేశాడు. చొక్కా మడత పెట్టకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ప్రిన్సిపాల్‌గా రమ్మన్నారు. జూన్‌లో సేరాలి."

"ఆ కాలేజీకా?"

"ఆ కాలేజీకే."

"ఆ గోడున్న కాలేజీకా!"

"గోడ నేను కట్టలేదు అనూ! నీకు బదిలీ అయినప్పుడల్లా నా ఉజ్జోగం నేనే ఒగ్గేసుకుని నీ సామాన్లతో పాటు లారీ ఎక్కేను. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఓ ట్యుటోరియల్‌లో బతిమాలుకుని సేరడం, కుర్రాళ్ళు పేరు నేర్చుకునేసరికి మళ్ళీ ఎల్లిపోడం. బజారుకెల్తే ఏటంటారో తెలుసా? జడ్జమ్మగారి ఆయనొచ్చేరు, ఓ కుర్చీ ఎయ్యండి అంటారు. నాకు పేరు లేదేటి? ఫిజిక్సు ఎమ్మెస్సీ సదివింది నీ కేరేజీ మొయ్యడానికా?"

అందులో అబద్ధమేమీ లేదు. అది అనూరాధకి తెలుసు. ఎన్నో సాయంత్రాలు అతని మొహం చూసి ఆమె నొచ్చుకుంది కూడా.

"నాతో ఒక్క మాట సెప్పొచ్చు గదా."

"సెప్తే ఒద్దంటావు."

"అంటాను. ఆ నేల కేసు నా ముందుండగా ముమ్మాటికీ ఒద్దంటాను."

"అందుకే సెప్పలేదు."

అంత తేలిగ్గా అన్నాడు. ఉప్పు అయిపోయింది, తేలేదు అన్నట్టు.

అనూరాధ మేనత్త వైపు తిరిగింది. చిన్నప్పుడు శృంగవరపుకోటలో, ఆడపిల్లకి లా ఎందుకని నాన్న అంటే, ఆయనతో నెల్లాళ్ళు మాటలు మానేసి తనని కాలేజీలో చేర్పించిన మనిషి ఈవిడ.

"నువ్వు కూడానా అత్తా?"

పార్వతీదేవి తలొంచుకుంది. "ఈడు సెప్పొద్దన్నాడే. తీర్పయిపోయేక మనమే సెప్దాం, సంతోషిస్తాది అన్నాడు."

"నిన్న కోర్టులో నేనేటన్నానో తెలుసా మీకు? నా ఇంటికీ వాళ్ళకీ సంబంధం లేదన్నాను. నా నోటితో అన్నాను. ఆ ముసలమ్మని అందరి ముందూ అబద్ధాలకోరుని సేసేను."

"నీకు తెలీక అన్నావు" అన్నాడు ఆనంద్. గొంతు తగ్గించి, పాఠం చెప్పేటప్పటి ఓపికతో మొదలుపెట్టాడు. "సూడు. కేసు గురించి ఇన్నాళ్ళలో ఒక్క మాట నిన్నడిగేనా? ఆళ్ళకి మేలు సెయ్యమన్నానా? లేదు గదా. ఈ సంగతే నీకు తెలీదు. తెలీనప్పుడు పచ్చపాతం ఎక్కణ్ణించొస్తాది? నీ మనసు శుభ్రంగున్నాది. ఎల్లి, రాయాలనుకున్నదే రాసెయ్."

అనూరాధ కోటు తీసుకుంది. మనసు శుభ్రంగా ఉంటే చాలన్నదే నిన్న సాయంత్రం వరకూ ఆమె నమ్మకం కూడా. అదే మాట ఇప్పుడు అతని నోట వింటే, పాచి వాసన వేసింది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఇంట్లో నాకే తెలీని సంగతి బుల్లమ్మకెలా తెలిసింది?"

పార్వతీదేవి నల్లద్దాలు సవరించుకుని, పక్కకి నెట్టిన తోటకూరని మళ్ళీ ముందుకి లాక్కుంది.

*

దారి పొడుగునా అనూరాధకి శిక్షణ రోజుల్లో పాఠం చెప్పిన పెద్ద జడ్జిగారి మాటలే చెవిలో మోగాయి. "ఓడిపోతామని భయం పట్టుకున్నవాడు జడ్జి మీద బురద చల్లుతాడు. చల్లిన ప్రతి దోసిలికీ మీరు కుర్చీ దిగిపోతే, రేపు ఏ కేసుకి ఏ జడ్జి ఉండాలో కక్షిదారులే ఏరుకుంటారు. పారిపోవడం కూడా తప్పే."

ఆ మాట ఇవాళ కూడా నిజమే. అదే ఆమెకి దిక్కు తోచకుండా చేస్తోంది.

ఛాంబర్లో బల్ల మీద తీర్పు ప్రతి ఉంది. సగానికి పైగా స్టెనోకి చెప్పేసింది. అందులో బుల్లమ్మ ఓడిపోతోంది. ఓడిపోవాలని అనూరాధకి లేదు. ముసలమ్మ మాటలో నిజం ఉందని లోపల ఎక్కడో అనిపించింది కూడా. కానీ కళ్ళం అరువుకిచ్చాడని చెప్పడానికి ఒక్క సాక్షి రాలేదు. ఊరంతా ఆ మిల్లుకి ధాన్యం తోలేవాళ్ళే. ఎవరొస్తారు? అనిపించిన దాన్ని బట్టి కాక, రుజువైన దాన్ని బట్టి రాయాలి గనక అలా రాసింది. నిజాయితీగానే రాసింది.

ఇవాళ ఆ తీర్పు చదివితే? జూన్‌లో అదే కాలేజీలో ఆమె భర్త ప్రిన్సిపాల్ కుర్చీలో కూచుంటే? లోకం మాట అటుంచి, తన నిజాయితీని తనకి తానే రుజువు చేసుకోలేకపోతుంది.

బంట్రోతు వచ్చి వేళయిందని చెప్పాడు. ఆమె లేచింది.

హాలు నిండిపోయి ఉంది. నిన్నటి సంగతి ఊరంతా పాకినట్టుంది. బుల్లమ్మ ముందు బెంచీ చివర ముడుచుకుని కూచుంది. పెట్టుకున్న నల్లద్దాల్లో ఒకటి పగిలి, దారం చుట్టి ఉంది. అవతల మిల్లు జగన్నాధం, మడత నలగని తెల్లబట్టల్లో, చేతులు జోడించి నిలబడ్డాడు.

కేసు పిలవగానే ధర్మేంద్ర లేచాడు. కుర్రవాడు, ఎప్పుడూ తడబడడు. ఇవాళ తడబడ్డాడు.

"మేడమ్, మా పార్టీ నిన్న మాట్లాడిన తీరుకి నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను. కానీ ఆమె వెనక్కి తీసుకోనంటోంది. కేసు మార్పించమని జిల్లా కోర్టులో పిటిషన్ వేస్తామని..."

అవతలినుంచి నరసింగరావు లేచాడు. ఆ బార్‌లో తలపండిన వకీలు, జగన్నాధం తరపు మనిషి.

"అభ్యంతరం ఉంది మేడమ్. ఇది జడ్జీలని ఏరుకోవడం. తీర్పుకి ముందురోజు లేచి నమ్మకం లేదంటే సరిపోతుందా? మా క్లయింటుకి మీ మీద పూర్తి నమ్మకం ఉంది."

"పరిపూర్ణమైన నమ్మకం తల్లీ" అన్నాడు జగన్నాధం, చేతులు ఇంకాస్త పైకెత్తి.

"సూసేరా!" బుల్లమ్మ గొంతు హాలంతా వినబడింది. "ఆయనకి నమ్మకమట! మరి ఆయనకుండదేటి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అనూరాధ పెన్ను కింద పెట్టింది. జగన్నాధం మొహంలోకి చూసింది. ఆ మొహంలో దాపరికం గాని, భయం గాని లేవు. తెలిసిన ఇంటి ఆడపడుచుని చూసినట్టు ఆప్యాయంగా చూస్తున్నాడు. తనకి తెలియకుండా తనని ఈయన ఎన్నాళ్ళనుంచి ఇలా చూస్తున్నాడో! వాదనలు వింటున్న ప్రతిసారీ ఈ నమస్కారంలో ఉన్నది గౌరవమనుకుంది.

"నిన్న ఈ కుర్చీలోంచి ఒక మాట చెప్పాను" అంది. "నా ఇంట్లోవాళ్ళకి ప్రతివాదితో ఏ సంబంధమూ లేదని. ఆ మాట తప్పు. నా భర్త ప్రతివాది ఇంటికి వెళ్ళారు. ప్రతివాది కాలేజీలో ఉద్యోగానికి ఒప్పుకున్నారు. ఇది నాకు ఈ ఉదయం తెలిసింది."

స్టెనో టైపు చేస్తున్న చేతులు ఎత్తి ఆమె వైపు చూసింది.

"రాసుకోండి" అంది అనూరాధ.

నరసింగరావు సర్దుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. "మేడమ్, మీకు తెలియదు గనక ఆ ప్రభావం మీ మీద పడే అవకాశమే లేదు. చట్టం దృష్టిలో..."

"నా మనసులో ఏముందో నాకు తెలుసు నరసింగరావు గారూ. ఈమెకి తెలియదు. తెలుసుకునే దారీ లేదు. ఈమెకి కనబడేదల్లా నా భర్త వాళ్ళింట్లో తిన్న విస్తరే. ఆధారం లేకుండా నిందేస్తే నేను ఈ కుర్చీలోంచి లేవను. నిన్న లేవలేదు. ఇవాళ ఆధారం నా ఇంట్లోనే దొరికింది. ఈ కేసు నేను వినను. వేరే కోర్టుకి మార్చమని జిల్లా జడ్జిగారికి ఇవాళే రాస్తాను."

బుల్లమ్మకి అర్థమైందో కాలేదో. ధర్మేంద్ర వంగి చెవిలో చెప్పాడు. ఆమె మొహం వెలగలేదు. బెంచీ పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"అయితే మళ్ళీ మొదటికేనా తల్లీ?"

"మొదటికి కాదమ్మా. చెప్పిన సాక్ష్యాలు అలాగే ఉంటాయి. వాదనలు మాత్రం కొత్త జడ్జిగారు మళ్ళీ వింటారు."

"అందాక నానుంటానేటి?" ఆ మాట నిష్ఠూరంగా అనలేదు, నిజంగా అడిగింది. తరవాత ఇంకో మాట అడిగింది. "ఒక్కటి సెప్పు తల్లీ. నువ్వు ఏటి రాద్దామనుకున్నావు? నాకా, ఆయనకా?"

అనూరాధ నోరు విప్పలేదు. విప్పకూడదు. విప్పగలిగినా ఏమని చెప్తుంది? నిన్ను ఓడిద్దామనుకున్నాను, కానీ నిజాయితీగానే ఓడిద్దామనుకున్నాను అనా?

ఆ మౌనాన్ని బుల్లమ్మ తనకి తోచినట్టు చదువుకుంది. తల ఆడించి, కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

*

సాయంత్రం ఎండ ఇంకా వరండాలోంచి పోలేదు. అనూరాధ ఇంటికొచ్చేసరికి ఆనంద్ హుషారుగా ఎదురొచ్చాడు. బజారునుంచి వేడివేడి బజ్జీలు తెచ్చి పళ్ళెంలో పోశాడు.

"బార్‌లో అందరూ నీ మాటేనట. ఇలాటి జడ్జిని సూడలేదంటన్నారట. నరసింగరావు గారు కూడా, దమ్మున్న మనిషి అన్నారట."

"ఎవరు సెప్పేరు?"

ఆనంద్ తడుముకున్నాడు. "జగన్నాధం గారు ఫోన్ సేసేరు."

అనూరాధ చెప్పులు విడిచి కుర్చీలో కూచుంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. అయినా బజ్జీల పళ్ళెం పక్కకి జరిపింది.

"కోపంగా లేరా ఆయన?"

"ఎందుకూ కోపం? పెద్దమనిషి. అమ్మగారు సరైన పని సేసేరన్నారు. ఇంక నువ్వు స్థిమితంగా ఉండొచ్చు." అతను ఎదురుగా కుర్చీ లాక్కుని కూచున్నాడు. "నేనూ మద్యాన్నం అంతా ఆలోచించేను అనూ. పొద్దున్న నువ్వన్నది కరెక్టే. కేసు నీ ముందుండగా నేను సేరడం తప్పే. ఒప్పుకుంటన్నాను. కానీ ఇప్పుడు కేసు నీ దగ్గర లేదు గదా."

ఆమె తలెత్తి చూసింది.

"నువ్వు తప్పుకున్నావు. ఇంక నేను సేరితే తప్పేటి?"

అతను వెటకారంగా అనలేదు. దెబ్బలాటకీ దిగలేదు. లెక్క తేలిందన్నట్టు, ఆమె కూడా సంతోషిస్తుందన్నట్టు అన్నాడు. ఆమె నిండు కోర్టులో కుర్చీ దిగింది అతనికి కుర్చీ వెయ్యడానికే అయినట్టు.

"నేను ఎందుకు తప్పుకున్నానో నీకు తెలిసిందా బావా?"

"తెలిసింది. రూలు."

పెళ్ళయినప్పటినుంచి ఆమె ఇతనితో ఎన్నోసార్లు పోట్లాడింది. ప్రతి పోట్లాటలోనూ అవతల తనకి తెలిసిన మనిషే ఉండేవాడు.

"ఆ సేరేదేదో తరవాత సూద్దుగాని" అంటూ పార్వతీదేవి లోపలినుంచి వచ్చింది. నల్లద్దాలు తీసేసి ఉంది. ఆపరేషనయిన కన్ను ఎర్రగా నీరు కారుతోంది. "పొద్దున్న ఇది ఒకటడిగింది. బుల్లమ్మకెలా తెలిసిందని. నానే సెప్పేను."

ఆనంద్ లేచి నిలబడ్డాడు. "ఏటి?"

"కంటి ఆసుపత్రిలో. నా పక్క మంచమే దానిది. ఇద్దరికీ కట్లు కట్టేసినారు. మొకాలు తెలవ్వు. ఊసుపోక కబుర్లు సెప్పుకున్నాం. దాని నేల మాట సెప్పి ఏడిసింది. ఆపరేషనయిన కంటితో ఏడవకూడదే అప్పా అని నానే కసిరేను." ఆవిడ కొంగుతో చెంప తుడుచుకుంది. "పేర్లు సెప్పేక తెలిసింది, ఆ గోడ మావోడు సేరే కాలేజీదేనని. రెండు రోజులు నోరు మూసుకుని పడుకున్నాను. ఇంటికొచ్చే రోజు ఉండబట్టలేక సెప్పేసినాను. నీ కేసు సూసేది మా కోడలు, ఆ కాలేజీకి ఎల్లేది నా కొడుకు, నీ జాగర్తలో నువ్వుండు అన్నాను."

"కన్నతల్లివేనా నువ్వు?" ఆనంద్ అరిచాడు. "ఊళ్ళో దానికి సెప్పి నా నోటికాడ కూడు తీసేస్తావా?"

అనూరాధ అడిగిన ప్రశ్న వేరే.

"దానికి సెప్పేవు. నాకెందుకు సెప్పలేదత్తా?"

"నీకు సెప్తే ఈణ్ణి ఒగ్గేస్తావేమోనని భయమేసింది." పార్వతీదేవి నేల మీద చతికిలబడింది. "అది సెప్తే ఎవరు సెప్పేరో తెలీదు గదా, ఎలాగో తేలిపోతాది, నా ఇల్లు నిలబడతాది అనుకున్నాను. నీకు కోర్టులో అంత మాట పడతాదని అనుకోలేదే తల్లీ."

నిన్న కోర్టులో తన మొహాన నమ్మకం లేదన్న ఆ పరాయి ఆడమనిషి ఒక్కతే నిజం చెప్పిందని అనూరాధకి అప్పుడు తోచింది. తనవాళ్ళు అనుకున్నవాళ్ళెవరూ చెప్పలేదు. నమ్మకం లేదన్న మనిషి మొహాన్నే అంది. నమ్మకం ఉన్న ఇద్దరూ పెదవి కుట్టుకున్నారు.

"అదొక్కటే కాదు" అంది పార్వతీదేవి.

"అమ్మా!"

"ఉండరా. సగం సెప్పి ఊరుకుంటే కడుపుబ్బరమే." ఆవిడ కోడలి మోకాలి మీద చెయ్యేసింది. "ఆ పొద్దు బోయినాలయ్యేక జగన్నాధం మమ్మల్ని మేడ మీదికి తీసుకెల్లి కాలేజీ సూపించేడు. ఆ మూల గోడ సూపించి ఏటన్నాడో తెలుసా? అదంతా కూర్మయ్య కళ్ళమేనండీ, ఆరబోసుకోమని అరువిచ్చేడు, అమాయకుడు పాపం, ఇచ్చినోడు పోయేడు, అడిగేదానికి అచ్చరం ముక్క రాదు, మనదైపోనాది అన్నాడు. అని నవ్వేడు."

అనూరాధ వీపు నిటారుగా అయింది.

అరువు. ఆ ఒక్క మాట కోసమే కదా ఆమె అన్నాళ్ళు ఆ కాగితాలన్నీ తిరగేసింది. అరువు తీసుకున్నవాడికి ఎన్నేళ్ళు వాడుకున్నా హక్కు పుట్టదు. ఆ మాట విన్న ఒక్క సాక్షి దొరకలేదనే బుల్లమ్మ ఓడిపోతోందని రాసింది. ఆ సాక్షి ఇంతకాలం తన వంటింట్లో తోటకూర గిల్లుతోంది.

"నువ్వొక్కదానివే విన్నావా అత్తా?"

పార్వతీదేవి కొడుకు వైపు చూసింది.

"ఈడూ విన్నాడు. నవ్వేడు కూడా."

ఆనంద్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"బావా?"

ఆ పిలుపులో కోపం లేదు. ఇంకా ఏదో మిగిలి ఉందేమో, అతను కాదంటాడేమో, అన్న ఆశ ఉంది. తను రోజూ ఆ కేసు కాగితాల మీద తల వాల్చుకుని కూచుంటే, ఇతనే టీ కలిపి తెచ్చి పక్కన పెట్టేవాడు. అలిసిపోతన్నావు, పడుకో అనేవాడు. అప్పటికే ఇతనికి తెలుసు.

"నాకేటీ గుర్తులేదు" అన్నాడు ఆనంద్.

బోనులో నిలబడ్డవాళ్ళ నోట ఆ మాట ఆమె లెక్కలేనన్నిసార్లు విన్నది. ఎప్పుడూ ఆ మాట దగ్గర పెన్ను ఆపి మనిషి మొహంలోకి చూసేది. ఇప్పుడు చూడాలనిపించలేదు.

పార్వతీదేవి గోడ పట్టుకుని లేచింది.

"రేపు బుల్లమ్మ మళ్ళీ ఆసుపత్రికి కంటి మందుకి వస్తాది. కొత్త జడ్జిగారి కాడికి వచ్చి, నాను విన్న మాట సెప్తానని దానికి సెప్పేస్తాను."

"అమ్మా, నువ్వు కోర్టు మెట్లెక్కేవంటే" అన్నాడు ఆనంద్, "ఇంక నాకు తల్లి లేదనుకుంటాను. ఆలోచించుకో."

ఆవిడ కొడుకు మాటకి తల తిప్పలేదు. నీళ్ళు కారే కంటితో అనూరాధనే చూస్తోంది.

"నాకేటి తెలుసే, సదువులేని దాన్ని. నా సాచ్చీకం సెల్లుతాదా? నువ్వు సెప్పు."

ఆనంద్ రెండు అడుగులు ముందుకేసి భార్య కుర్చీ చేతి మీద చెయ్యి ఆనించాడు. తల అడ్డంగా ఊపాడు. ఆజ్ఞలా ఊపలేదు, బతిమాలుతున్నట్టు ఊపాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె పరీక్షకి వెళ్తూ భయపడితే, రైలు పెట్టె కిటికీ దగ్గర నిలబడి ఏమీ కాదని ఇలాగే తల ఊపాడు.

అనూరాధ ఆ చెయ్యి వైపు చూసింది. తరవాత మేనత్త వైపు చూసింది.

"సెల్లుతాది అత్తా" అంది.

కుర్చీ మీది చెయ్యి మెల్లిగా వెనక్కి పోయింది.